పారబోసిన సూర

ఈ పొద్దున పెనం మీద చేపముక్క చుర్రుమని వాసన లేవగానే నాకు ఒళ్ళు మండింది. కవరు మీద ‘టూనా స్టేక్’ అని గొప్పగా అచ్చేసిన ఆ అరచేతి మందపు ముక్కని, భీమిలి ఒడ్డున పుట్టిన మా అమ్మ సూర అనేది.

భిలాయి సెక్టర్ సిక్స్‌లో మా క్వార్టర్. ఆరేసిన బట్టల మీద ఉక్కు ప్లాంటు ధూళి ఎర్రగా పడేది, షిఫ్టు సైరన్ కూస్తే రోడ్డంతా సైకిళ్ళే. బజార్లో దొరికేవన్నీ చెరువు చేపలు. అమ్మ వాటిని ముక్కు చిట్లించుకుంటూ వండి, మాకు పెట్టి, తను పచ్చడితో తినేది. తమ్ముడు కడుపులో ఉన్న శీతాకాలంలో ఆవిడకి ఏదీ ఇమడక, ఒక్క సూర ముక్క తినాలనుందని పుట్టింటికి ఉత్తరం రాసింది. చిన్నమావయ్య రేకు డబ్బాలో ఐసూ రంపంపొట్టూ కూరి, మధ్యలో చేపని పెట్టి, దుర్గ్‌లో రైలు దిగి మోసుకొచ్చాడు.

తాజా సూరని పులుసులో ముంచడం పాపమనేది అమ్మ. కత్తిపీట ముందు కూర్చుని వేలెడు మందాన బిళ్ళలు కోసింది, వేటమాంసంలా ముదురెరుపు. ఉప్పు, పసుపు, దంచిన మిరియాలు, వెల్లుల్లి పట్టించి, ఇనుప పెనం పొగలొచ్చేదాకా కాలాక వేసింది. నేను అట్లకాడ పట్టుకుంటే, “కదపకే, దాని మానాన ఒగ్గీ” అంది.

నాకు తొమ్మిదేళ్ళు. సంబరం పట్టలేక పక్క క్వార్టర్ దీదీ దగ్గరికి పరిగెత్తి, “హమారే ఘర్ సూరా పక్ రహా హై”, మా ఇంట్లో సూర వండుతున్నారు అన్నాను. దీదీది దుర్గ్ పక్క పల్లె. వాళ్ళ ఛత్తీస్‌గఢీలో సూరా అంటే పంది. ఆవిడ మా వంటింటి కిటికీలోంచి తొంగిచూసింది, పళ్ళెంలో ఎర్రటి మాంసం కనబడింది, ఇంకేం కావాలి. ఫస్ట్ షిఫ్టు ముగించుకుని నాన్న వచ్చేసరికి గేటు దగ్గర పదిమంది, ఇళ్ళ మధ్య పంది వండుతారా అంటూ.

చేపేనని నాన్న ఒకసారి అన్నాడు. ఇంత ఎర్రటి చేప ఎక్కడుందని ఎవరో నవ్వారు. పెరట్లో బక్కెట్లో తలకాయా తోకా ఉన్నాయి, తెచ్చి చూపిస్తే అయిపోయేది. చూపించలేదు. చేతులు జోడించి, మాఫ్ కరో భయ్యా అని, లోపలికొచ్చి పెనంతో సహా ఎత్తుకెళ్ళి మురిక్కాలవలో పారబోశాడు. పదిమందిలో బతకాలి కదా అన్నాడు.

అమ్మ గోడకానుకుని నిలబడింది. “తలకాయ అక్కడే ఉంది. సూపించలేపోనారేటి?”

అంతే అంది. ఒక్క ముక్కయినా తినలేదు. మావయ్య ఖాళీ డబ్బాతో మర్నాడే వెళ్ళిపోయాడు. సంగతి తెలిశాక దీదీ గిన్నెడు ఖీర్ తెచ్చి, ఏడుస్తూ అమ్మ చేతులు పట్టుకుంది. దీదీ మీద నాకే కోపమూ లేదు, ఆవిడకి తెలియదు. నాన్నకి తెలుసు. అమ్మ పోయేదాకా మా ఇంట్లో ఆ చేపా రాలేదు, ఆ మాటా వినబడలేదు.

ఇప్పుడా సైకిళ్ళు లేవు, ఆ క్వార్టరూ లేదు. ఇదే ఊళ్ళో ఫ్లాట్‌లో ఉంటున్నాను. ఇవాళ ఎదురింటావిడ తలుపు తీసి, నన్ను దీదీ అని పిలిచి, ఏం వండుతున్నారు, వాసన బాగుందని హిందీలో అడిగింది. సూర అందామని నోరు తెరిచాను.

“టూనా” అన్నాను.

ఇన్నేళ్ళూ నాన్నని తిట్టుకున్న నోరే అది.