ఎర్రగుంట్లలో మూసేసిన మూడు గదులు

పొద్దున పేపరు తెరవగానే ఒళ్ళు మండింది. ఆరోగ్య పరిశోధనలకు పెట్టే డబ్బువల్ల రాష్ట్రానికి ఒరిగేదేమీ లేదని ఎవరో పెద్దమనిషి సభలో సెలవిచ్చారట. మనవరాలు వింటున్నదని కూడా చూడకుండా నాలుగు తిట్లు తిట్టాను. నాపరాళ్ళ దుమ్ము మధ్య బతికిన నా ఈడువాళ్ళు నన్ను తప్పు పట్టరనుకుంటాను.

నా తొలి ఉద్యోగం ఎర్రగుంట్లలో, రాళ్ళ దుమ్ము ఊపిరితిత్తులను ఏం చేస్తుందో తేల్చడానికి సర్కారు డబ్బుతో పెట్టిన మూడు గదుల పరిశోధనా కేంద్రంలో. నాపరాళ్ళు కోసే కూలీలు వచ్చి గొట్టంలోకి గట్టిగా ఊదితే, యంత్రం చూపిన అంకెను వాళ్ళ పేరు పక్కన రాయడం నా పని. మా డాక్టరమ్మ ఒక ఫ్యాక్టరీలో రంపం మీద నీళ్ళు పడేలా పైపు పెట్టించి చూస్తే దుమ్ము అణిగింది, కూలీల నాగాలు తగ్గాయి, పని పెరిగిందని యజమానే ఒప్పుకున్నాడు. దుమ్ము చేసే చేటు అంకెల్లో రుజువైతే అన్ని ఫ్యాక్టరీల్లోనూ ఆ పైపు తప్పనిసరి చేయించాలని ఆమె పట్టుదల.

కానీ ఊపిరి చాలదని తెలిస్తే పనిలోంచి తీసేస్తారని కూలీల భయం. అందుకని దగ్గేవాళ్ళు తమ బదులు తమ్ముళ్ళనో బావమరుదులనో పంపేవాళ్ళు. రాళ్ళు కోసే మా అన్న కూడా తన బావమరిదిని వెంటబెట్టుకొని వచ్చి, "ఈ కూలి గూడా పోతే పిల్లోళ్ళు ఏం తింటారుమ్మా, వాడు ఊదుతాడు, నా పేరే రాసుకో" అన్నాడు. రాశాను. అలా రాసినందుకు నామీద నాకు ఇప్పటికీ కోపమే.

ఒకరి బదులు ఒకరు ఊదుతున్న సంగతి డాక్టరమ్మ పసిగట్టి, మళ్ళీ పరీక్షలు చేయడానికి ఇంకొక్క ఏడాది డబ్బు అడిగింది. పైనుంచి వచ్చిన అధికారి నా పుస్తకం తిరగేసి, అందరి ఊపిరీ బాగానే ఉంది కదమ్మా, దీనివల్ల రాష్ట్రానికి ఏమొస్తుంది అని నవ్వాడు. నెల తిరక్కుండానే గదులకు తాళాలు పడ్డాయి.

ఏమొస్తుందా? మా అన్న నలభై దాటకముందే మంచం పట్టాడు. నెలల తరబడి పెద్దాసుపత్రిలో సర్కారు మందులే మింగాడు, శనక్కాయలు పండే చేను అమ్ముకున్నాడు, అయినా మనిషి దక్కలేదు. మా వదినకు ఆ సర్కారే నేటికీ పింఛను ఇస్తోంది. చదువు మానేసిన మేనల్లుడు తండ్రి పనిచేసిన ఫ్యాక్టరీలోనే చేరి, ఇంకా అక్కడే రాళ్ళు కోస్తున్నాడు. ఇంకొక్క ఏడాది మా పరీక్షలకు, జీతాలకు చేతులు రాని సర్కారు, ఇలాంటి ఇళ్ళకు ఇన్నేళ్ళుగా ఎంత పోస్తోందో ఆ పెద్దమనిషి ఎప్పుడైనా కూడి చూశాడా?

ఇప్పుడు కడపలో అద్దాల తలుపుల ఆసుపత్రులు వెలిశాయి, ఫోను చేస్తే అంబులెన్సు ఇంటిముందుకే వస్తోంది, అవి లేని కాలం చూసినదాన్ని కనుక సంతోషమే. కానీ మొన్న మేనల్లుడు ఫోనులో మాట ఆపి ఆపి దగ్గుతూ, "ఏం ల్యాదత్తా, జలుబు జేసిండాది" అన్నాడు. వాళ్ళ నాన్న కూడా మొదట జలుబనే అన్నాడు. వాడి దగ్గుకు మందిచ్చేవాళ్ళు ఇప్పుడు వీధికొకరున్నారు. ఆ దగ్గు ఎక్కడినుంచి వచ్చిందని అడిగే గది మాత్రం నాకు జిల్లాలో ఒక్కటీ కనబడలేదు.