సువార్తమ్మ అప్ప డబ్బా టీవీ

కళింగపట్నంలో ఆ ఇంటి డబ్బా టీవీకి స్విచ్ వెయ్యగానే లోపల ఎక్కడో టప్‌మని చిన్న చప్పుడైంది. వెనక చిల్లుల్లోంచి వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. తెర తుడుద్దామని చెయ్యి దగ్గరగా పెట్టానో లేదో, ముంజేతి మీద వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. నేను తీసిన పెళ్ళి వీడియో ఆ ఇంటివాళ్ళకు అప్పగించడానికి వెళ్ళాను. నా సంచిలో చిన్న ప్లేయరు, దానికీ పాత టీవీకీ మధ్య తగిలించే కన్వర్టరు, ఎరుపు తెలుపు పసుపు పిన్నుల వైరు ఉన్నాయి. పెళ్ళికూతురి చిన్నాన్న అప్పటికే టీవీకి ఎదురుగా కుర్చీ వేయించుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పెళ్ళికూతురి తల్లికి భర్త లేడు. ఆవిడ మాత్రం వంటగది గుమ్మంలో, తలుపు రెక్క వెనక నిలబడింది. "పెట్టమ్మా, ఎంతసేపు?" అన్నాడాయన. నాకు చర్రున కోపం వచ్చింది. ఆ కోపం నాకు సువార్తమ్మ అప్ప దగ్గర అబ్బింది.

మా వైపు అక్కను అప్ప అంటాం. రాజాంలో ధాన్యం కొట్ల వీధిలో మేడ మీద ఆవిడకు వీడియో స్టూడియో ఉండేది. బాప్టిస్టు చర్చి కుటుంబం. చిన్న వయసులోనే భర్త పోతే, ఆయన వదిలి వెళ్ళిన కెమెరా భుజాన వేసుకుని పెళ్ళిళ్ళకు బయల్దేరిందట. మొదట్లో ముఖం మీదే నవ్విన మగాళ్ళు, నేను చేరేసరికి ఆవిడ మెట్లెక్కి వస్తుంటే బీడీలు పారేసేవాళ్ళు. డిగ్రీ అయ్యాక ఎడిటింగ్ పనికోసం వెళ్ళాను. తలెత్తి చూడకుండానే, "కంప్యూటరు పని నాను నేర్పుతాను. తిడితే పడతావేటి?" అని అడిగింది. పడనని చెప్పాను. అప్పుడు తలెత్తి, "అయితే రేపట్నించి రా" అంది. తిట్లు మాత్రం ఆ మర్నాడే మొదలయ్యాయి. నేనూ ఊరుకునేదాన్ని కాదు. ఇద్దరం అరుచుకుంటుంటే కింద కొట్టువాళ్ళు మెట్ల దగ్గరకొచ్చి వినేవాళ్ళు.

పెన్‌డ్రైవ్ ఇంటివాళ్ళ చేతిలో పెట్టి నమస్కారం చెప్పి రావడం ఆవిడ దృష్టిలో పని పూర్తిచెయ్యడం కాదు. "ఆలింట్లో, ఆల టీవీలో ఆడాలే. అప్పుడే మన పని అయినట్టు" అనేది. పల్లెల్లో ఇంకా చాలా ఇళ్ళలో డబ్బా టీవీలే. ఇప్పటి కెమెరాలు తీసే బొమ్మేమో వెడల్పు, ఆ టీవీ తెరేమో ఇంచుమించు చదరం. ఉన్నదున్నట్టు పెడితే పైనా కిందా నల్లపట్టీలు వచ్చి, సగం టీవీయే ఆడుతోందని ఇంటివాళ్ళు గొడవ పెట్టుకుంటారు. నొక్కి సరిపెడితే మనుషులు ఎండుచేపల్లా సన్నగా సాగిపోతారు. అందుకని రెండు పక్కలా కొంత కోసేసి, మధ్య భాగాన్ని తెర నిండా పెట్టేవాళ్ళం. అందరూ చేసేదదే. అందులో ఎవరికైనా అన్యాయం జరుగుతుందని నాకు తట్టనే లేదు.

అది గరివిడి దగ్గర ఒక ఇంట్లో తెలిసింది. పెళ్ళికొడుకు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. వీడియో చూడ్డానికి ఇంటిల్లిపాదీ చాప మీద కూర్చున్నారు. పెళ్ళికొడుకు నాయనమ్మ టీవీకి దగ్గరగా జరిగి, ప్రతి మొహాన్నీ వేలితో చూపించుకుంటూ వెతుకుతోంది. "నానేదమ్మా? ఇసనకర్ర ఒట్టుకోని అక్కడే ఉన్నాను కదా?" అంది. ఆవిడ నిజంగానే ఉంది. స్టూడియోలో కంప్యూటరు మీద ఎడమ పక్క చివర నేను రోజూ చూసిన మనిషే. టీవీలో మాత్రం ఒక చెయ్యి, ఆ చేతిలో విసనకర్ర, అంతే మిగిలాయి. పెళ్ళికొడుకే పడీ పడీ నవ్వాడు. "సెయ్యి వచ్చినాది కదే నాయనమ్మా, సాల్దేటి?" అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు. ముసలావిడ కూడా నవ్వడానికి ప్రయత్నించింది. అప్ప లేచి టీవీ కట్టేసింది. "ఏటి నవ్వుతన్నారు? నిన్ను ఎత్తుకోని తిప్పినాది ఆ సెయ్యే కాదేటిరా? తప్పు నాది. మల్లీ సేసి తెస్తాను. అందాకా ఎవులూ నవ్వకండి" అని పిన్నులు పీకేసింది.

తిరుగు బస్సులో దారి పొడుగునా తిడుతూనే ఉంది. ఒకసారి నన్ను, ఒకసారి ఆ మనవణ్ణి, ఎక్కువసార్లు తనను తానే. "పెళ్ళిలో సివర్న ఎవులు నిలబడతారే గుంటా? సెప్పు. మొగుడు పోయినోలు, ముసిలోలు, మంచి కోక లేనోలు. ఆలని ముందే పక్కకి నెట్టీసినారు. మనం వచ్చి ఆ పక్కని కోసీసినాం" అంది. బస్సులో జనం తిరిగి చూస్తున్నా గొంతు తగ్గించలేదు. ఆ వారంలోనే పాత డబ్బా టీవీ ఒకటి సంపాదించి ఎడిటింగ్ గదిలో నా కంప్యూటరు పక్కన పెట్టించింది. కన్వర్టరు తగిలించి, ప్రతి ముక్కనూ అందులో చూసిన తర్వాతే బయటికి పంపాలని చెప్పింది. ఎవరు తెగిపోతున్నారో చూసుకుని, బొమ్మను అటో ఇటో జరిపి వాళ్ళను లోపలికి తెచ్చుకోవాలి. చచ్చే చాకిరీ. పని రెండింతలైందని నేను విసుక్కునేదాన్ని. వాళ్ళ చర్చి పెళ్ళిళ్ళలోనూ ఆవిడ ఇంతే. వెనక బెంచీల్లో సర్దేసిన కూలి చుట్టాలను పేరు పెట్టి పిలిచి మరీ ముందుకు తెచ్చేది. పాస్టరు గారు గడియారం చూసుకుంటున్నా లెక్కచేసేది కాదు.

మా తమ్ముడి పెళ్ళికి కెమెరా పట్టింది ఆవిడే. అప్పటికి మా నాన్న పోయి చాలా కాలమైంది. అమ్మానాన్నల స్థానంలో పీటల మీద పెదనాన్న, పెద్దమ్మ కూర్చున్నారు. మమ్మల్నిద్దర్నీ పొలం పనులు చేసి పెంచిన మా అమ్మ పందిరి గుంజ పక్కన, చివర్న నిలబడింది. ఎవరూ నిలబడమనలేదు, తనకు తానే వెళ్ళి నిలబడింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండిపోతుంది. ఒక మనిషికి తన చోటు అదేనని అంత బాగా నేర్పిపెట్టారు. కెమెరా వెనకనుంచి అప్ప గొంతు లేచింది. "ఆ తల్లిని మధ్యకి రమ్మనండి. కొడుకు పెళ్ళి ఆవిడిది కాదేటి?" పెదనాన్న మొహం గంటు పెట్టుకుని, "సుబమా అని పెళ్ళవుతుంటే ఏటమ్మా ఇది? మా పద్దతులు మీకేటి తెలుసు? మీ పని మీరు సూసుకోండి" అన్నాడు. అప్ప కెమెరా ఆపేసింది. మేళం కూడా ఆగిపోయింది. ఇప్పుడు అమ్మ మధ్యలోకి వస్తే పెదనాన్న పీటల మీద నుంచి లేచిపోతాడు, రాకపోతే అప్ప కెమెరా పట్టదు. చివరికి అమ్మే వచ్చి అప్ప చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా. నా కొడుకు పెళ్ళి ఆగిపోద్ది. నాకు కనిపిస్తన్నాది, సాలు" అంది. అప్ప పళ్ళు కొరికింది. తర్వాత కెమెరా స్టాండు ఎత్తుకుని పందిరి అవతలి పక్కకు నడిచింది.

వీడియో చూడ్డానికి పెదనాన్న ఇంట్లో చేరాం. వాళ్ళదీ డబ్బా టీవీయే. అప్ప స్వయంగా పిన్నులు గుచ్చింది. పందిరి అవతలి పక్క నుంచి తీసిన బొమ్మ. పీటల మీద తమ్ముడు, మరదలు. ఇద్దరి మధ్య ఖాళీలో, వెనగ్గా, తెరకు నట్టనడుమ మా అమ్మ. జీలకర్రా బెల్లం పెడుతున్నప్పుడు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం, ఏడుస్తూనే నవ్వడం, అన్నీ కనిపించాయి. పెదనాన్న ముందుకు వంగాడు. "నానేడీ?" అన్నాడు. ఆయన పట్టుపంచె అంచూ, ఒక మోకాలూ కుడి పక్కన కనపడుతున్నాయి. "పెళ్ళి జరిపించినోణ్ణి నాను. నానేడీ?" అని కేకలు వేశాడు. అప్ప తాపీగా వైరు చుట్టుకుంటూ, "సివర్న ఉన్నోలు ఈ టీవీలో రారండి. ఇన్నాళ్ళూ మీకు తెలీదేటి?" అంది. ఆయన అరుస్తూనే ఉన్నాడు. మా అమ్మ అవేమీ వినిపించుకోలేదు. లేచి టీవీ దగ్గరకు వెళ్ళి, తెరలో తన మొహం మీది దుమ్మును కొంగుతో తుడిచి, "ఇంకోపాలి పెట్టమ్మా" అంది. అప్ప మూడుసార్లు పెట్టింది. పెదనాన్న తర్వాత చాలా రోజులు మా ఇంటి గుమ్మం తొక్కలేదు. అందుకు నాకు ఇసుమంతైనా బాధ లేదు.

అప్ప ఇప్పుడు లేదు. జబ్బు పడ్డ రోజుల్లోనూ మంచం మీంచే, ఎవరి వీడియోలో ఎవరు తెగిపోయారోనని ఆరా తీసేది. ఆవిడ పోయాక స్టూడియో నేనే నడుపుతున్నాను. ఎడిటింగ్ గదిలో ఆ డబ్బా టీవీ అలాగే ఉంది. పెద్ద తెరల టీవీలు వచ్చేశాయి కదా, అంచులు కూడా కనిపిస్తాయి కదా, ఇంకా ఆ పాత సామానెందుకని కుర్ర ఫోటోగ్రాఫర్లు నవ్వుతారు. వాళ్ళకు ఏం చెప్పను? తెర వెడల్పయింది గాని, అమ్మలు ఇంకా గుంజ పక్కనే నిలబడుతున్నారు. పెళ్ళికి వెళ్ళిన ప్రతిసారీ చూస్తాను, ప్రతిసారీ గొడవ పడతాను. నోటి దురుసు మనిషినని పేరు కూడా వచ్చింది. రానీ.

కళింగపట్నం పెళ్ళిలో కూడా ఆ తల్లిని మధ్యకు తెచ్చి మరీ తీశాను. ఆ రోజూ ఈ చిన్నాన్న సణిగాడు. ఇప్పుడు కుర్చీలోంచి మళ్ళీ, "ఇంకా ఏటమ్మా ఆలీసం? కరెంటు పోద్ది" అన్నాడు. పిన్నులు గుచ్చడం అయిపోయింది. తెర నీలంగా వెలుగుతోంది. రిమోటు నా చేతిలోనే ఉంది.

"అమ్మా, అక్కడినించి సరిగ్గా కనిపించదు. వచ్చి ముందు కూకో" అన్నాను గుమ్మం వైపు చూసి.

"పర్లేదమ్మా. నాకు ఇక్కడ్నించి కనిపిస్తన్నాది" అంది ఆవిడ, అచ్చం మా అమ్మలాగే.

"నువ్వు కూకుంటే గాని నాను పెట్టను."

చిన్నాన్న నా వైపు గుర్రుగా చూశాడు. నేనూ చూశాను. చాప మీద కూర్చున్న పెళ్ళికూతురు లేచి కుర్చీ ఒకటి తెచ్చి, ఆయన కుర్చీకి ముందు వేసింది. తలుపు రెక్క కిర్రుమంది. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చునేదాకా నేను బటన్ నొక్కలేదు.