సుబేదారు గారి సావధాన్

మా ఆయన బూటు పాలిష్ డబ్బా మూత తీస్తే చాలు, పొయ్యి మీద పోపు వాసన కూడా వెనక్కి తగ్గి, నాకు సుబేదారు మస్తాన్ వలీ గారు గుర్తొస్తారు. తొంభైల చివర్లో, గుంటూరు నుంచి నల్లపాడు వెళ్లే రోడ్డు మీద నాకొక జాబ్ టైపింగ్ షాపు ఉండేది. మిర్చి లారీలు ఆ దారినే పోయేవి కాబట్టి సీజన్లో నేను టైపు చేసేదానికన్నా తుమ్మేదే ఎక్కువ. సుబేదారు గారు మాత్రం తుమ్మేవారు కాదు. సైన్యంలో అన్నేళ్లు చేసి వచ్చిన మనిషికి తుమ్ముకు కూడా ఆర్డరు కావాలేమోనని నవ్వుకునేదాన్ని. మెరిసే బూట్లతో తొమ్మిదింటికల్లా వచ్చి, నా షాపు ముందు రేకుల పంచన కూర్చుని, మాజీ సైనికులకు ఊరికే పెన్షన్ దరఖాస్తులు రాసిపెట్టేవారు. ఎవరైనా బలవంతపెడితే ఒక టీ తాగేవారు. అందులో చక్కెర చాలకపోతే మాత్రం ఊరుకునేవారు కాదు.

ఆ రోజుల్లోనే ‘కెప్టెన్’ అంటూ ఒకాయన ఊళ్లోకి దిగాడు. నల్ల కళ్లద్దాలు, మెలితిప్పిన మీసం, హిందీలో గదమాయింపు. మీ పెన్షన్ పని నేను చేయిస్తానని మాజీ సైనికుల వెంట పడేవాడు. వాళ్ల చేత సంతకం పెట్టించే కాగితాలు నా దగ్గరే టైపు చేయించేవాడు. చేతినిండా పని దొరికిందని నేనూ మురిసిపోయాను.

ఒకరోజు అద్దంకి వైపు నుంచి సైన్యంలో నాయక్ ర్యాంకులో చేసిన వెంకటేశ్వర్లు అనే అతను కర్ర ఊతంతో వచ్చాడు. సరిహద్దులో కాలు దెబ్బతింటే ఇంటికి పంపేశారు. ఆ కాలితో పత్తి చేలో నిలబడలేడు. గాయానికి రావలసిన పెన్షనే ఇంటికి ఆధారం. అతని సర్వీసూ, గాయమూ అన్నీ రాసి ఉండే డిశ్చార్జి బుక్కు లేకపోతే దరఖాస్తు కదలదు. ఆ బుక్కు కాస్తా కెప్టెన్ చేతిలో పడింది. వచ్చే పెన్షన్‌లో జీవితాంతం సగం ఇస్తానని సంతకం పెడితేనే వెనక్కిస్తాడట. కాగితం వెంకటేశ్వర్లు చేతిలోనే ఉంది, గడువు మర్నాడే, నా షాపుకే వచ్చి తీసుకుంటానన్నాడట.

"బుక్కు ఎందుకిచ్చావయ్యా?" అని అడిగారు సుబేదారు గారు.

"కెప్టెన్ సాబ్ అడిగారు సార్. ఆఫీసరు అడిగితే లేదంటామా?"

అదే బుక్కును కిరాణా కొట్టాయన అడిగి ఉంటే వెంకటేశ్వర్లు సవాలక్ష ప్రశ్నలు వేసేవాడు. సైన్యం నేర్పిన వినయమే అతని కొంప ముంచింది. సుబేదారు గారు ఆ కాగితం చూసి నావైపు తిరిగారు.

"ఇది కొట్టింది నువ్వేగా అమ్మాయ్?"

"అవునండి."

"చదివావా?"

"లేదండి. టైపు చేశాను."

ఆయన కాగితం మడిచి వెంకటేశ్వర్లు చేతికి ఇచ్చేశారు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు సుబేదారు గారు తనకు తెలిసిన ఐదుగురు మాజీ సైనికులను పిలిపించి, నా షాపులో బెంచీ మీద వెంకటేశ్వర్లు పక్కన కూర్చోబెట్టారు. కెప్టెన్ చంకలో సంచీతో వచ్చి, "సంతకం అయిందా?" అన్నాడో లేదో, ఆయన లేచి, పరేడులో ఆర్డరిచ్చినట్టు, వీధి చివరిదాకా వినపడేట్టు "సావధాన్" అని కేకేశారు. ఆరుగురూ ఒక్కసారిగా నిటారుగా నిలబడ్డారు. వెంకటేశ్వర్లు కర్ర గోడకు ఆనించేసి మరీ నిలబడ్డాడు. నేనూ కుర్చీలోంచి లేచిపోయాను. కెప్టెన్ కంగారుగా మడమలు దగ్గరకు చేర్చి, సుబేదారు గారికి సెల్యూట్ కొట్టాడు.

"ఏమండీ కెప్టెన్ గారూ, సుబేదారుకు మీరు ముందు కొడతారా? అదీ నెత్తిన టోపీ లేకుండా?" అన్నారాయన చాలా మర్యాదగా.

కెప్టెన్‌కు సుబేదారే ముందు కొట్టాలని, ఉత్త తలతో మన సైన్యంలో సెల్యూట్ కొట్టరని నాకు తర్వాత తెలిసింది. ఆ ఆరుగురికి మాత్రం వాడు దొంగ కెప్టెనని అప్పుడే తెలిసిపోయింది. ఒకాయన నవ్వు ఆపుకోలేక పక్కాయన భుజం మీద వాలిపోయాడు.

సుబేదారు గారు సంచీ లాక్కుంటారనుకున్నాను. ఆయన వెంకటేశ్వర్లు వైపు చూసి, "బుక్కు నీది. నువ్వే అడుగు" అన్నారు.

వెంకటేశ్వర్లు కెప్టెన్ వైపు తిరిగాడు. "సార్, నా..." అని ఆగాడు. ఆ దొంగ సెల్యూట్ చెయ్యి ఇంకా పూర్తిగా కిందికి దిగలేదు. దాన్నే చూస్తూ, "నా బుక్కు ఇటివ్వరా" అన్నాడు.

ఆ బుక్కుతోపాటు సంచీలో ఉన్న మిగతావాళ్ల బుక్కులూ నా బల్ల మీదికి వచ్చాయి. ఆ మనిషి మళ్లీ ఆ రోడ్డున కనపడలేదు. ఆ మధ్యాహ్నమే కొత్త దరఖాస్తు టైపు చేసి, వాక్యం వాక్యం వెంకటేశ్వర్లుకు చదివి వినిపించాను. కొన్ని నెలలకు పెన్షన్ మంజూరైందని అతనే వచ్చి చెప్పాడు.

సుబేదారు గారు పోయి చాలా ఏళ్లయింది. ఆయన్ని తలుచుకుంటే నాకు ఏడుపు కన్నా ముందు నవ్వే వస్తుంది. ఇప్పుడు మంగళగిరిలో ఒక ఆఫీసులో, వచ్చినవాళ్ల చేత కాగితాల మీద సంతకాలు పెట్టించే పని చేస్తున్నాను. కాగితం మొత్తం చదివి వినిపించందే నా దగ్గర ఎవరినీ సంతకం పెట్టనివ్వను. ఈమె ముందు లైను కదలదని అందరూ విసుక్కుంటారు. మొన్నొక పెద్దాయన సగంలో నన్ను ఆపి, "ఆగమ్మా, ఈ ముక్కకు నేను ఒప్పుకోను" అన్నాడు. ఆయన వెనక తొమ్మిది మంది నిలబడి ఉన్నారు. నేను పెన్ను మూత పెట్టేసి, "అయితే సంతకం పెట్టకండి" అన్నాను.