చేతి వెనకవైపు

కంప్యూటర్లు బాగుచేసే ఆ అమ్మాయి మరలన్నీ ఒక డబ్బా మూతలో వేసుకుని, కింది పెదవి కొరుక్కుంటూ పనిచేస్తుంది. ఇవాళ పాత కేబినెట్‌లో కొత్త బోర్డు బిగించి, మేనమామకు చవకలో ఒక కంప్యూటర్ తయారుచేసింది. ఆయన ఒకప్పటి రేడియో మెకానిక్; పక్కనే కూర్చుని గొణుగుతున్నాడు. "కాటికి కాళ్లు చాపుకున్నవాణ్ణి, నాకెందుకే ఈ గోల?" ఆమె స్విచ్ వేసి, చెయ్యి తిప్పి, కరెంటు తగులుతోందేమోనని వేళ్ల వెనకవైపు కేబినెట్ రేకుకు ఆనించి చూసింది. షాకు కొడితే అరచెయ్యి పట్టేసుకుంటుంది, వెనకవైపైతే విడిపోతుంది. గొణుగుడు ఆగింది.

"ఎవరు నేర్పారే అది?"

"నువ్వే, మామయ్యా! చిన్నప్పుడు నువ్వు విప్పిన రేడియో మీద అరచెయ్యి పెట్టబోతే మొట్టికాయ వేశావు. ఆ మొట్టికాయే ఇవాళ నాకు అన్నం పెడుతోంది."

ఆయనా చెయ్యి తిప్పి రేకును తాకి చూశాడు. తర్వాత అరచేతిని మెల్లగా ఆమె నెత్తిన, ఎప్పుడో మొట్టికాయ పడిన చోట పెట్టాడు.