వీరాంజనేయులు ఎడమ చెయ్యి

మా ఆయన వీరాంజనేయులు ఎడమ చేతికి నలభై ఏళ్ళొచ్చేదాకా మెట్లు వాయించడం తెలియదు. తెనాలి దగ్గర పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన తండ్రి దగ్గర నేర్చుకున్నారు మరి. అందులో కుడి చెయ్యి వాయిస్తుంటే ఎడమ చెయ్యి వెనక నుంచి గాలి కొడుతుంది, అంతే దాని ఉద్యోగం.

జర్మనీలోని జిండెల్ఫింగెన్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ రాసుకుంటూ బుద్ధిగా ఉన్న మనిషిని చెడగొట్టింది హార్ట్‌మూట్. ఆఫీసులో పక్క సీటు, సాయంత్రాలు ఒక జాజ్ బ్యాండ్‌లో బేస్, అదే ఆ నిలువెత్తు తీగల వాయిద్యం, వాయిస్తాడు. ఒకనాడు ఇంటికి పిలిచి హొరేస్ సిల్వర్ అనే అమెరికా జాజ్ పియానిస్టు రికార్డు వినిపించాడు. ఇక చూడండి నా అవస్థ! నేను కూర తిరగమోత వేస్తుంటే ఈయన వెనకే నిలబడి పాఠం మొదలు.

"జాజ్‌లోకి బ్లూస్‌నీ, చర్చి పాటనీ లాక్కొచ్చి జనం కాళ్ళాడించేట్టు చేశాడే! హార్డ్ బాప్ అంటారు. ట్రంపెట్, సాక్సఫోన్, పియానో, బేస్, డ్రమ్స్.. ఆయన కూర్పు చూసి ఎంతమంది బ్యాండ్లు కట్టుకున్నారో! అసలు సంగతంతా ఆ ఎడమ చేతిలో ఉంది."

ఆ చెయ్యి కిందిమెట్ల మీద ఒక చిన్న ముక్క పట్టుకుని తిప్పి తిప్పి కొడుతుందట, పైన కుడి చెయ్యి మాట్లాడుతుందట. అది పట్టుబడేదాకా ఈయన అన్నం తింటూ కూడా ఎడమ చేత్తో బల్ల వాయించేవారు, పప్పు గిన్నె ఎగిరిపడేది. చివరికి పట్టుబడింది. హార్ట్‌మూట్ వాళ్ళ బ్యాండ్‌లో పియానో ఈయనదే అయింది.

పోయిన చలికాలం ఒక పొద్దున కాఫీ కప్పు ఆ చేతిలోంచి జారిపోయింది. తిట్టబోయి మొహం చూశాను. నోరు ఒక పక్కకి లాగుతోంది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

చిన్న స్ట్రోకే అన్నారు ఆస్పత్రిలో. చిన్నదట! మాట, నడక త్వరగానే కుదురుకున్నాయి. చెయ్యి కూడా చాలావరకు వచ్చింది గానీ, వేళ్ళు ఉన్నట్టుండి మొరాయించేవి. అప్పటి నుంచి వంటింట్లో గిన్నె చప్పుడైతే చాలు, పరుగెత్తేదాన్ని. ఆయన నవ్వితే కూడా నోరు సరిగా ఉందా అని చూసేదాన్ని.

బ్యాండ్ వాళ్ళకి మాత్రం ఫ్లూ అని చెప్పారు.

"ఎందుకండీ అబద్ధం? న్యూరాలజిస్ట్ అపాయింట్‌మెంట్‌కి కూడా ఇంత వణకరు మీరు," అన్నాను.

"తెలిస్తే ఇంకొకణ్ణి పెట్టుకుంటారే. ఈ దేశంలో పనికి కాకుండా నన్ను రమ్మని పిలిచింది వాళ్ళే."



మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం కచేరీ. మొదటి వరసలో కూర్చోమన్నారు నన్ను. "వేళ్ళు ఆగిపోతే నీవైపు చూస్తా. ఇంట్లో మన పాపకి ఒంట్లో బాలేదని ఫోనొచ్చిందని చెప్పి నన్ను స్టేజీ మీంచి దింపెయ్," అన్నారు. సరేనన్నాను.

రెండు పాటలు గడిచాయి. మూడోది ఎడమ చేత్తోనే ఎత్తుకోవాలి. ఎత్తుకున్నారు, నాలుగు చుట్లు తిరిగింది, చెయ్యి ఆగిపోయింది. డ్రమ్స్ మాత్రమే మోగుతున్నాయి. ఆయన నావైపు చూశారు. చిన్నపిల్లాడు సంతలో తప్పిపోయి చూసే చూపు. స్ట్రోక్ మళ్ళీ వచ్చిందేమోనని ముందు నోరు చూశాను. సరిగానే ఉంది. లేచాను. పాప మాట చెప్పడానికే నోరు తెరిచాను.

"వన్స్ మోర్!" అని అరిచాను.

మా వైపు నాటకాల్లో పద్యం అదరగొడితే జనం వేసే కేక అది. ఆగిపోయినవాడికి వేసినదాన్ని ప్రపంచంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను! హాలంతా తిరిగి చూసింది. ఎవరో నవ్వారు, ఎవరో చప్పట్లు కొట్టారు. హార్ట్‌మూట్ తలూపి మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. అందుకున్నది ఆ ఎడమ చేతి ముక్కనే, తన బేస్ మీద, పొల్లు పోకుండా.

మా ఆయన అతనికేసి చూశారు. తర్వాత ఎడమ చేతిని తీసి ఒళ్ళో పెట్టుకుని, కుడి చేత్తో పాటలోకి వచ్చారు.

అయిపోయాక హార్ట్‌మూట్ బేస్ సర్దుకుంటూ చెప్పాడు. ఈయన తిరిగొచ్చిన మొదటి రిహార్సల్‌లోనే అందరికీ చెయ్యి సంగతి అర్థమైందట. అప్పటి నుంచి ఆ ముక్క సాధన చేసి పెట్టుకున్నాడట. ఈయనే ఎప్పుడో చెబుతారని ఊరుకున్నారట. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

దారిలో కారు నేనే నడిపాను.

"దింపెయ్యమన్నానుగా. ఎందుకు దింపలేదే?"

"దిగితే మళ్ళీ ఎక్కేవారా?"

ఆయన ఎడమ చేతి వేళ్ళు ముడిచి విప్పి చూసుకున్నారు. "నాకు భయమేస్తోందే," అన్నారు, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి.

"నాకూ భయమేనండీ," అన్నాను. "మంగళవారం రిహార్సల్‌కి నేను కూడా వస్తాను."