రెండు మెట్లు దిగిన తీగలు

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే మధ్యలో ఆపి, అప్పుడు టైమెంత, తలుపు ఎవరు వేశారు, మీరు భోజనం చేశారా అని అడిగే మనిషిని నేను. మా బంధువుల్లో నా ముందు అలాంటి కథలు చెప్పడం చాలామంది మానుకున్నారు. అందువల్ల ఈ అనుభవాన్ని రాయడానికి నాకు కొంత సంకోచంగానే ఉంది. జరిగినది జరిగినట్టు, నా డైరీలో ఉన్న వరుసలోనే రాస్తున్నాను.

మాది ఒడిశాలోని బరంపురం. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారు. నేను ఛత్రపూర్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తున్నాను. ఉదయం రైల్లో వెళ్ళి సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరతాను. ఇంటిపైన ఉన్న ఒక్క గదిలో పాత బేస్ గిటార్లు, వాటి ఆంప్లిఫయర్లు కొని, బాగుచేసి, అమ్ముతుంటాను. ఇది ఇరవై రెండేళ్ళుగా ఉన్న అలవాటు. వచ్చిన ప్రతి వాద్యానికీ డైరీలో ఒక పుట కేటాయిస్తాను. తీగ ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లు, మెడ ఎంత వంగింది, ఏ స్క్రూ మార్చాను, అన్నీ అందులో ఉంటాయి.

బేస్ గిటారు ఎరగనివారికి ఒక్క మాట. దానికి నాలుగు లావు తీగలు. పాట వింటున్నప్పుడు మనం దాన్ని పట్టించుకోం. అది ఆగిపోతే మాత్రం పాట కింద నేల లేనట్టు అనిపిస్తుంది.

మొన్న వానాకాలంలో ఒక ఆదివారం ఉదయం పార్వతమ్మగారు సముద్రం ఒడ్డున ఉన్న గోపాలపూర్ నుంచి ఆటోలో వచ్చారు. ఒళ్ళో పాత దుప్పటి చుట్టిన గిటారు. ఆమె భర్త అప్పలస్వామి రైల్వేలో పనిచేస్తూ, సెలవు రోజుల్లో పెళ్ళిళ్ళకు వెళ్ళి సినిమా పాటలు పాడే మెలోడీ పార్టీలో బేస్ వాయించేవారట. ఆయన పోయి మూడేళ్ళయింది. ఆయనను నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఈ మాట ముందుగానే నమోదు చేస్తున్నాను.

గిటారు అమ్మడానికి తెచ్చారనుకుని ధర గురించి మాట ఎత్తాను. ఆమె చెయ్యి అడ్డం ఊపారు.

"అమ్మడం తరవాత మాట తమ్మూ. ముందు దీన్ని పలికించు. ఆయన సప్పుడు మర్చిపోతన్నాను నేను. మొకం గుర్తుంది, దగ్గు గుర్తుంది, ఈ సప్పుడే పోతంది. ఒక్కపాలి ఇనిపించీ. ఆనక నీకు నచ్చినోడికి అమ్ముకో."

ఆమె కోరినది పెళ్ళిళ్ళలో వాయించిన సంగీతం కాదు. ఆయన ఇంట్లో ఉన్న రోజుల్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న దంపుడు పాట పాడుతుంటే, ఆయన పక్కన కూర్చుని దానికి బేస్ వాయించేవారట. ఎప్పుడూ అదే పాట. అది ఎక్కడా రికార్డు కాలేదు. ఆమె ఫోనులో పెళ్ళిళ్ళ వీడియోలు మూడు ఉన్నాయి. వాటిలో ఆయన వేళ్ళు కదులుతుంటాయి, శబ్దం మాత్రం వినబడదు. ఫోను స్పీకరు అంత కింది స్వరాన్ని పలకలేదు. వాటిని నా పెద్ద ఆంప్లిఫయరుకు కలిపి చూశాను. బ్యాండు డప్పుల హోరు తప్ప ఏమీ దొరకలేదు.

ఆ వారం పని సాగింది. సముద్రపు గాలికి స్క్రూలు తుప్పుపట్టి ఉన్నాయి. సౌండు పెంచే మర కరకరమంటోంది. వైరు గుచ్చేచోటు వదులైంది. మూడూ సరిచేసి, మెడ వంపు తీశాను. తీగలు జిడ్డుపట్టి చచ్చిపోయినట్టున్నాయి. బేస్ తీగలు ఖరీదైనవి, బరంపురంలో సులువుగా దొరకవు. అందుకని మాలాంటివాళ్ళం వాటిని ఊడదీసి, నీళ్ళలో చిటికెడు వంటసోడా వేసి పది నిమిషాలు మరగబెడతాం. మురికి వదిలి కొత్తవాటిలా మోగుతాయి. శనివారం ఆ పని చేస్తుంటే నా భార్య నిర్మల వంటింట్లోకి తొంగిచూసింది.

"ఏటండీ, ఇనప సేమియా వండుతున్నారా? పాయసానికి జీడిపప్పు తెమ్మంటారా?"

ఆదివారం పార్వతమ్మగారు కుర్చీలో నిటారుగా కూర్చుని, కళ్ళు మూసుకుని విన్నారు. నేను వాయించినది రెండు నిమిషాలు. తీగలు గంటల్లా మోగాయి. నాకు గర్వంగా కూడా అనిపించింది. ఆమె కళ్ళు తెరిచి నా వంక చూసిన చూపుతో ఆ గర్వం పోయింది.

"ఇది కాదు తమ్మూ. మీ బావది ఇలా గణగణమనీది కాదు. మెత్తగా ఉండీది. గోడకి అటేపు ఎవులో నడుస్తున్నట్టు."

నేను చేసిన తప్పు అప్పుడు తెలిసింది. ఆమె వెతుక్కుంటూ వచ్చినది ఆ జిడ్డులోనే ఉంది. ఆయన వేళ్ళ చెమట, ఏళ్ళ తరబడి పట్టిన మురికి, ఆ మందకొడి శబ్దం, అన్నిటినీ సోడా వేసి నేనే కడిగేశాను. మరమ్మతు చేసేవాడు తప్ప మరొకడు చేయలేని పొరపాటు అది. ఆమెకు చెప్పి క్షమించమన్నాను. ఆమె అర్థం కానట్టు తల ఊపి, "తోమితే తప్పేటి" అన్నారు.

పాత నూలు గుడ్డ నాలుగు మడతలు వేసి తీగల చివర కింద దోపాను. గణగణ తగ్గింది. ఆమె ముందుకు వంగారు. పాట ఎత్తుకున్నారు. రెండో చరణం దగ్గర గొంతు అందక దగ్గు వచ్చి ఆపేశారు.

"దగ్గిరకొచ్చింది. అయినా అది కాదు. నా గొంతు కూడా పోనాది, వయసైపోనాది కదా." లేచి నిలబడి, "తమ్ముడివి దొరికావు కాబట్టి వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాను. అప్పటికీ ఆ సప్పుడు రాకపోతే అమ్మెయ్. రోజూ ఆశ పడలేను" అన్నారు.

ఇక సోమవారం నుంచి శనివారం వరకు డైరీలో ఉన్నది రాస్తాను.

సోమవారం ఉదయం ఏడున్నరకు శ్రుతి చూపే ట్యూనర్ యంత్రం పెట్టి నాలుగు తీగలనూ ప్రపంచమంతా వాడే శ్రుతికి బిగించి ఆఫీసుకు వెళ్ళాను. సాయంత్రం చూస్తే నాలుగూ దిగి ఉన్నాయి. గిటారు మెడ మీద స్వరాన్ని అంచెలంచెలుగా మార్చే లోహపు మెట్లు అడ్డంగా ఉంటాయి. ఆ లెక్కలో ఒక్కో తీగా సరిగ్గా రెండు మెట్లు కిందికి దిగింది. తీగలు బిగించే పెగ్గులు పాతవి కాబట్టి జారాయనుకున్నాను. మళ్ళీ బిగించాను.

మంగళవారం సాయంత్రం అదే. రెండు మెట్లు, నాలుగు తీగలూ. బజారులో వాద్యాల దుకాణం నడిపే మిత్రుడికి ఫోను చేశాను. ఆయన నవ్వాడు.

"పెగ్గులు జారితే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ జారతాయి రావుబాబూ. నాలుగూ మాటాడుకుని జారతాయేటి, యూనియన్ పెట్టుకున్నాయా?"

బుధవారం ఆయన దగ్గరే కొత్త పెగ్గులు తెచ్చి వేశాను. గురువారం సాయంత్రం మళ్ళీ రెండు మెట్లు. గదిలోనే, అదే గోడకు, అమ్మకానికి ఉంచిన మరో బేస్ ఉంది. దాని శ్రుతి వెంట్రుకవాసి కూడా మారలేదు. కాబట్టి వాన తేమ కారణం కాదు. మెడ వంగితే తీగలు దిగవచ్చు గాని, నాలుగూ సమానంగా దిగవు. మెడ కొలిచాను. వంగలేదు.

నిర్మలను అనుమానించాను. అడిగాను కూడా.

"నాకు కుక్కరు విజిళ్ళు లెక్కపెట్టుకోడానికే తీరిక నేదు. మీ గిటారు సెవులు మెలెయ్యడానికి మేడెక్కుతానా?"

శుక్రవారం గదికి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకుని వెళ్ళాను. రెండు మెట్లు.

శనివారం సెలవు. ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట వరకు గిటారు ఎదురుగా కూర్చున్నాను. అరగంటకోసారి ట్యూనర్ పెట్టి చూశాను. ఏ మార్పూ లేదు. భోజనానికి దిగేముందు ఫోనును స్టూలు మీద నిలబెట్టి, నాలుగు పెగ్గులూ కనబడేలా వీడియో ఆన్ చేసి, తలుపుకు తాళం వేశాను. నలభై నిమిషాల తరువాత తిరిగి వచ్చేసరికి తీగలు దిగి ఉన్నాయి. ఆ వీడియో మొత్తం మూడుసార్లు చూశాను. పెగ్గులు కదలలేదు. వదులయ్యే తీగ చేసే చిన్న కిర్రుమనే శబ్దం కూడా లేదు. కాకి అరుపు, కింద నిర్మల గిన్నెలు సర్దుతున్న చప్పుడు, అంతే.

ఈ ఆరు రోజులూ నేను చేసినది ఒక్కటే. దిగిన ప్రతిసారీ మళ్ళీ పైకి బిగించాను. శ్రుతి అంటే నాకు అది ఒక్కటే. అది తప్పితే లోపం, లోపమైతే దిద్దాలి. వేరే ఆలోచన రాలేదు.

ఆదివారం ఎనిమిది గంటలకు ఆఖరుసారి సరిచేసి గిటారును పెట్టెలో పెట్టాను. పది దాటాక పార్వతమ్మగారు వచ్చారు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. ఇది ఆఖరన్న నిర్ణయం ఆమె ముఖంలో కనబడుతూనే ఉంది. పెట్టె తెరిచి, ఆంప్లిఫయరుకు కలిపి, మొదటి తీగ మీటాను. దిగి ఉంది. విసుగుతో పెగ్గు మీద చెయ్యి వేశాను.

ఆమె కుర్చీలోంచి లేచి వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు.

"ఉండు. ముట్టుకోకు. మళ్ళీ కొట్టు."

కొట్టాను. మిగతా మూడూ కొట్టాను. నాలుగూ రెండేసి మెట్లు దిగే ఉన్నాయి. ఆమె అక్కడే, నేల మీదే కూర్చుండిపోయారు. అక్కడినుంచే పాట మొదలుపెట్టారు. ఆ పాట నాకు రాదు. ఒక్కో దెబ్బకు ఒక్కో తీగ మీటుతూ పోయాను. పోయిన వారం గొంతు అందని రెండో చరణం ఈసారి ఎక్కడా ఆగకుండా వచ్చింది. మూడు, నాలుగు చరణాలు కూడా వచ్చాయి. నిర్మల మెట్ల మీదకు వచ్చి నిలబడింది.

పాట అయ్యాక అడిగాను, బావగారు ఇంట్లో వాయించేముందు తీగలు వదులు చేసేవారా అని.

"నాకేటి తెలుసు తమ్మూ. పెళ్ళి నుంచొచ్చి, తినీసి, సెయ్యి కడుక్కుని, ఆ సెవులు నాలుగూ అటు తిప్పీవోరు. ఎల్లీముందు మళ్ళీ ఇటు తిప్పీవోరు. అది వాయిద్దెం పని అనుకునీదాన్ని."

అలా తిప్పితే పాట కిందికి దిగుతుందని, తక్కువ గొంతు ఉన్నవారికి అప్పుడు అందుతుందని చెప్పాను. ఆమె చెయ్యి చాచి ఒక పెగ్గును తాకి చూశారు.

"అయితే నా గొంతుకోసమేటి?"

అవునన్నాను.

"నలభయ్యేళ్ళు నా గొంతే బాగుందనుకున్నాను." నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఒక్కపాలి సెప్పనేదు సూడు, మొండి మనిషి."

ఆ సంగతి ఆయన ఒక్కరికే తెలుసు. ఆమెకు తెలియదు. నాకు తెలిసే అవకాశమే లేదు. ఇందులో ఎక్కడైనా నా పరిశీలనలో లోపం ఉందేమోనని ఆ ఆరు రోజుల పుటలు ఎన్నిసార్లు చదివానో. వాద్యాలు తెలిసినవారికి చూపించాను. తీగలు మరగబెట్టడం వల్ల సాగాయని ఒకరన్నారు. సాగితే మొదటి రెండు రోజులు సాగుతాయి, వారమంతా అదే కొలతకు సాగవు. ఇంకెవరూ ఏమీ చెప్పలేకపోయారు. నేను ఇప్పటికీ చెప్పలేను.

గిటారు అమ్మవద్దన్నారు ఆమె. ఇంటి దగ్గర ఉప్పుగాలికి మళ్ళీ పాడైపోతుందని నా దగ్గరే ఉంచమన్నారు. నెలకోసారి ఆదివారం వచ్చి పాట పాడి వెళుతున్నారు.

ఆ రోజు తరువాత తీగలు ఒక్కసారి కూడా వాటంతట అవి దిగలేదు. ఎంతకు బిగిస్తే అంతలోనే నిలిచి ఉంటున్నాయి. వాద్యానికి ఉండవలసిన గుణమే అది, ఒకప్పుడు నేను కోరుకున్నదీ అదే. అయినా ఆమె వచ్చే ఆదివారం ఉదయం తీగలను మామూలు శ్రుతికి బిగించి, పెట్టె మూసి, గది తాళం వేసి కిందికి వస్తాను. పది గంటలకు వెళ్ళి ట్యూనర్ పెడతాను. నాలుగూ సరిగ్గా ఉంటాయి. మళ్ళీ మూసి, ఇంకొంచెం సమయం ఇస్తాను. ఆమె గేటు తీసిన చప్పుడు వినబడేదాకా ఆగుతాను. ఆ తరువాత నేనే పైకి వెళ్ళి, నాలుగు పెగ్గులూ అటు తిప్పుతాను.