ఆయుధపూజలో అంకమ్మ రాకెట్లు

ఆంకెను మా అత్త ఈరమ్మ ఏనాడూ ఆ పేరుతో పిలవలేదు. ఇంట్లో అడుగుపెట్టిన రోజే అంకమ్మను చేసేసింది. ఆ జర్మనీ మనిషి కూడా కొన్నాళ్ళకు ఆ పేరుకే పలకసాగింది.

మాది సింగపూర్ క్లెమెంటిలో ఆరో అంతస్తు ఫ్లాటు. మా ఆయన హరికృష్ణ పోయాక, ఆయన పనిముట్లు పెట్టుకునే గది ఖాళీగా ఉండిపోయింది. రోజూ ఆ తలుపు ముందు నుంచి నడవలేక అద్దెకిచ్చాను. ఆంకె ఒక సూట్‌కేసు, నాలుగు టెన్నిస్ రాకెట్లు, వాటికి తీగలు బిగించే చిన్న యంత్రం పట్టుకుని వచ్చింది. టెన్నిస్ ఆడటం కూడా ఒక ఉద్యోగమని నాకు అప్పుడే తెలిసింది. టీవీలో కనపడేవాళ్ళు కొద్దిమందే. వాళ్ళ వెనక ఇలా ఊరూరూ తిరిగి ఆడేవాళ్ళు వందలమంది ఉంటారట.

ఆమె సంగతులు నాకు వంటింట్లో ముక్కలు ముక్కలుగా తెలిశాయి. నాది ఎనిమిదో తరగతి ఇంగ్లీషు. ఆమె నాకోసం నెమ్మదిగా మాట్లాడేది. తెలియని మాట వస్తే నా కూతురు ప్రణవి చెప్పేది.

వాళ్ళది ఎల్బే నది దగ్గర చిన్న ఊరు. తండ్రి బస్సు నడిపేవాడు, తల్లి రొట్టెల కొట్టులో చేసేది. ఊరి క్లబ్బులో రెండు ఎర్రమట్టి కోర్టులుండేవి. చలికాలం పోగానే ఊళ్ళోవాళ్ళే పారలు పట్టుకుని వాటిమీద ఇటుకపొడి పరిచేవాళ్ళట. తండ్రి వెంట వెళ్ళి ఆ పొడి చల్లుతూనే ఆంకె ఆట నేర్చుకుంది. ఆదివారాలు పక్క ఊరి జట్టు వచ్చేది. అక్కడ ఒక పద్ధతి ఉంది. ఆట అయ్యాక, వచ్చిన జట్టుకు ఈ ఊరివాళ్ళు భోజనం పెట్టాలి. గెలిచినా, ఓడినా అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినాలి. ఆంకె తల్లి ఉడికించిన ఉర్లగడ్డలతో ఏదో కలిపి తెచ్చేదట.

"ఓడిపోయినాక అన్నం దిగుతుందా?" అని అడిగాను.

"మొదటి ముద్ద దిగదు. రెండోది దిగుతుంది," అంది.

బడి అయిపోయాక ఆటే బతుకైంది. తండ్రి సెలవు పెట్టి పాత కారులో టోర్నమెంట్లకు తీసుకెళ్ళేవాడు. రాత్రుళ్ళు అందులోనే పడుకునేవాళ్ళు. ఒకే ఒక్కసారి పెద్ద టోర్నమెంటులో ఆడింది, మొదటి ఆటలోనే ఓడింది. ఆ రోజు టీవీలో కూడా కనపడిందట, అదీ కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగుతుండగా. ఆ తరవాత కుడి మణికట్టు పాడైంది. ఆపరేషన్ అయ్యింది. కోలుకుంటూ సింగపూర్ వచ్చి, వన్-నార్త్ అనే ఆఫీసుల పేట దగ్గర ఒక క్లబ్బులో ఆఫీసువాళ్ళ పిల్లలకు ఆట నేర్పే పనిలో చేరింది. చెయ్యి కుదుటపడ్డాక మలేషియా, థాయిలాండ్ వెళ్ళి చిన్న చిన్న పోటీలు మళ్ళీ మొదలుపెట్టింది. ఎక్కువగా ఓడి వచ్చేది. ఎందుకు ఓడావంటే మణికట్టు చూపించేది.

దెబ్బ తగిలిన ఆటగాళ్ళకు పాత ర్యాంకును కొంతకాలం దాచి ఉంచి, దానితోనే పోటీల్లో చేర్చుకుంటారట. ఆంకెకు ఆ గడువులో మిగిలిన ఆఖరి పోటీ సింగపూర్లోనే వచ్చింది. దసరా రోజు ఆట.

"ఇది ఓడితే మళ్ళీ అట్టడుగు నుంచి ఎక్కాలి. ముప్పై నాలుగేళ్ళకు అది నావల్ల కాదు. మానేస్తాను," అంది దోసె తింటూ, మామూలుగానే. ఆ వారమంతా దోసె సగం వదిలేసింది.

నవమి నాడు అనంతపురంలో చేసినట్టే మా అత్త ఇక్కడా ఆయుధపూజ చేస్తుంది. కత్తిపీట, కత్తెర, నా కుట్టుమిషను, ప్రణవి లాప్‌టాప్, మా ఆయన స్పానర్ల పెట్టె అన్నీ దేవుడి ముందుకు చేరాయి. ఆంకె గది దగ్గర నిలబడి మా అత్త పిలిచింది.

"ఏమ్మే అంకమ్మా, నీ కొడవలి యాడ? అది గూడా పెట్టు. నీకు కూడు పెట్టేది అదే గదా."

ప్రణవి నవ్వుకుంటూ ఇంగ్లీషులో చెప్పింది. ఆంకె సంబరపడి, ముందురోజే కొత్త తీగలు బిగించిన మూడు రాకెట్లూ తనే తెచ్చి పెట్టింది. నేర్పడానికి వాడే పాత రాకెట్టు తీసుకుని పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది. పువ్వు పెట్టి దండం పెడతారు కాబోలనుకుంది. మా అత్త తడిగుడ్డతో శుభ్రంగా తుడిచింది. మామిడాకుతో పసుపునీళ్ళు చల్లి, తీగలమీద గంధం, కుంకుమ అద్దింది.

సాయంత్రం ఆంకె తిరిగొచ్చేసరికి హారతి ఇస్తున్నాం. దీపం పక్కన టప్పుమని చప్పుడైంది. ఒక రాకెట్టులో తీగ దానంతటదే తెగింది. ఆంకె వంగి చూసింది. మిగతా రెండింటి తీగలూ ఉబ్బి, పోగులు లేచి ఉన్నాయి.

"తడి తగిలిందా?" అంది.

అవి సింథటిక్ తీగలు కావు. మణికట్టుకు అదురు తగలకుండా డాక్టరు వాడమన్న మెత్తటి రకం. ఒక్కసారి నీళ్ళు పీలిస్తే ఇక పనికిరావు. వేరే జత జర్మనీ నుంచి రావాలి. ప్రణవి ఫోనులో చూసి, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలించి, నిదానంగా అంది.

"నానమ్మా, అది కౌ ఇంటెస్టిన్ లా. ఆవు పేగు."

మా అత్త హారతి పళ్ళెం కింద పెట్టింది.

"మద్దెలకు కట్టేది ఏంది మరి? తోలే గదా. దానికి మొక్కట్లేదా? పేగయితే ఏమాయె," అంది. తరవాత గొంతు తగ్గించింది. "రేపు ఆటెట్లమ్మే ఈ పిల్లకి?"

ఆంకె దగ్గర పిల్లల రాకెట్లకు బిగించే గట్టి తీగల చుట్ట ఉంది. ఆపరేషన్ అయినప్పటినుంచి తన రాకెట్లకు అది వాడలేదు. బిగిద్దామని చెయ్యి చాపితే మా అత్త అడ్డుపడింది.

"పూజలో పెట్టినవి పొద్దున కదిలిచ్చేదాకా ముట్టగూడదు."

"నానమ్మా, ప్లీజ్ లా, రేపు మ్యాచ్," అంది ప్రణవి.

"మ్యాచయితే ఏం? దేవుడికి మ్యాచ్ ఉండదా?"

ఆంకె సరేనని చేతులు కడుక్కుని అన్నానికి కూర్చుంది.

తెల్లవారకముందే మా అత్త తలస్నానం చేసి, కలశం కదిలించి, రాకెట్లు తెచ్చి ఆంకె తలుపు ముందు పెట్టింది. నేను ఉప్మా చేసేలోపు ఆంకె డైనింగ్ బల్లకు యంత్రం బిగించి, పాత తీగలు కోసేసి, గట్టి తీగలు ఎక్కించడం మొదలుపెట్టింది. మా అత్త ఎదురుగా కూర్చుని, పీట మీద నుంచి కదలకుండా చూసింది.

మధ్యాహ్నం ఆట. ముగ్గురమూ వెళ్ళాం. అవతలిపక్క ప్లోయ్ అనే థాయిలాండ్ పిల్ల. పంతొమ్మిదేళ్ళుంటాయి. వెంట ఎవరూ లేరు, సంచులు తనే మోసుకుంటోంది. మొదటి సెట్టు ఆంకె గెలిచింది. బంతి ఇంత బలంగా కొట్టడం నేను చూడలేదు. కొట్టిన ప్రతిసారీ నా కళ్ళు ఆమె మణికట్టు మీదే ఉన్నాయి. రెండో సెట్టు ఆ పిల్ల గెలిచింది. మూడోదాంట్లో ఆంకె అలసిపోలేదు, తప్పులూ చేయలేదు. ఆ పిల్ల మాత్రం ఎక్కడికి కొట్టినా అందుకుంది. ఆ పిల్ల కొట్టిన గెలుపు బంతి గీత మీద పడింది. ఆంకె దాన్ని చూసి తలూపి, వెళ్ళి చెయ్యి కలిపింది.

తరవాత బెంచీమీద నా పక్కన కూర్చుని మణికట్టు అటూ ఇటూ తిప్పింది.

"నొప్పిగా ఉందా?" అన్నాను.

"లేదు. అసలు లేదు." ఇంకోసారి తిప్పింది. "రెండేళ్ళుగా ఈ చేతివల్లే ఓడుతున్నాననుకున్నాను. ఈ రోజు చెయ్యి బాగానే ఉంది. ఆ పిల్ల నాకన్నా బాగా ఆడింది."

మా ఆయన్ని ఇంకాస్త ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళి ఉంటే అని చుట్టాలంతా అన్నారు. ముందు తెచ్చినా ఇంతేనమ్మా అని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట విన్నప్పుడు మొదట కోపమొచ్చింది. కొన్నాళ్ళకు నిద్ర పట్టింది.

"మానేస్తావా మరి?"

"మానేస్తాను," అంది. లేచి సంచి భుజానికి తగిలించుకుంది. "ఇంట్లో ఏమైనా ఉందా తినడానికి?"

"పులిహోర ఉంది. ఒబ్బట్లు ఉన్నాయి."

ఆంకె కోర్టు అవతలికి వెళ్ళి ప్లోయ్‌తో ఏదో చెప్పింది. ఆ పిల్ల ముందు తల అడ్డంగా ఊపింది, తరవాత సంచులు సర్దుకుంది. నలుగురం, ఆ పిల్లతో ఐదుగురం, రైలెక్కి క్లెమెంటి వచ్చాం.

మా అత్త ఆ పిల్ల పళ్ళెంలో రెండో ఒబ్బట్టు వేస్తూ ఎగాదిగా చూసింది.

"ఈ పుడకేనా మా అంకమ్మను ఓడగొట్టింది? తిను పాపా, తిను. ఇంత తిండికి అంత బలం యాడిదో."

ప్లోయ్‌కు ఏమీ అర్థం కాకపోయినా నవ్వింది. ఆంకె పులిహోర మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. రెండో ముద్ద మామూలుగానే తింది.

భోజనాలయ్యాక మా అత్త లేచి దేవుడి దగ్గరికెళ్ళింది. తలుపు దగ్గర ఆనించి ఉన్న ప్లోయ్ సంచి వైపు కుంకుమ భరిణె, చెంబు పట్టుకుని నడిచింది.

ఆంకె కుర్చీలోంచి లేవకుండానే అంది, తెలుగులో.

"నానమ్మా, నీళ్ళు వద్దు."

"తెలుసులేమ్మే," అని మా అత్త చెంబు కింద పెట్టి, ఆ పిల్ల రాకెట్టు పిడికి కుంకుమ మాత్రం పెట్టింది.